పట్టీలమ్మ రెండు దారాలు

దారం కొసను బొటనవేలితో అదిమిపట్టి, పిల్ల ఎడమ చీలమండ ఎముక దగ్గర మొదలుపెట్టింది పట్టీలమ్మ. అక్కడి నుంచి పాదం మీదుగా, అరికాలి కిందుగా, మళ్ళీ పాదం మీదుగా పైకి, మడమ వెనక నరాన్ని చుట్టి మొదలుపెట్టిన చోటికే తెచ్చింది. ఎనిమిది అంకె వేసినట్టు. రెండు కొసలూ కలిసిన చోట గోరుతో నొక్కి ముడి వేసింది. తర్వాత కుడి కాలు. అదే తోవ, అదే బిగువు, అదే ముడి. రెండు దారాలనూ కిటికీ వెలుతురులో పక్కపక్కన వేలాడదీసి చూసింది.

రెండూ సమానం. ఆవగింజంత తేడా కూడా లేదు.

"నొప్పెక్కడమ్మా?"

"ఇక్కడే. ఈ కాలే."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు."

"ఎక్కడ పడ్డావు?"

"పడ్లేదు."

"పడకుండా దానంతటదే బెణికిందా? మంచి కాలే!"

పిల్ల నవ్వలేదు. బల్ల మీది రెక్సిన్ చిరుగులోంచి దూది పీకుతోంది. పదకొండేళ్ళుంటాయి. కళ్ళు కిటికీకీ, గోడ గడియారానికీ, తలుపుకీ మధ్య తిరుగుతున్నాయి. బళ్ళో అందరూ దాన్ని పిల్లి అంటారు. కాలు కాలిన పిల్లిలా ఒకచోట నిలవదని ఆరో తరగతి టీచరు ఏదో చిరాకులో అన్న మాట, పిల్లలు పట్టుకుని తోక కత్తిరించి పిల్లిని చేసేశారు.

పట్టీలమ్మ అరచేతి వెనకవైపుతో రెండు చీలమండలనూ తాకి చూసింది. వేడిలోనూ తేడా లేదు. ఎముక వెనక అంచును నొక్కింది. పిల్ల కేక పెట్టలేదు. నాలుగడుగులు వేయమంది. వేసింది. ఎముక విరగలేదు, అంతవరకు నిజం.

గుమ్మంలో డ్రిల్లు మాస్టారు ఈల తాడును వేలికి చుట్టి విప్పుతూ నిలబడ్డాడు. "ఏమంటోంది మీ దారం?"

"రెండూ ఒకటే అంటోంది."

"నేను చెప్పలా? నా పిరియడ్ అనగానే దీని కాలికి జ్వరం వస్తుంది. రాయండి పుస్తకంలో."

పట్టీలమ్మ పుస్తకం తీసి రాసింది: ఎడమ చీలమండ, వాపు లేదు, పరుగెత్తవచ్చు. కింద సంతకం. ఆమె చేతిరాత పెద్దదిగా, ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. పిల్ల ఆ వాక్యాన్ని తలకిందులుగానే చదివింది. లేచి, ముందున్న ముక్కాలిపీటను ఒక్క తన్ను తన్ని, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయింది.

"చూశారా! నొప్పి కాలితో తన్నేవాళ్ళని ఎక్కడన్నా చూశారా?" అన్నాడు మాస్టారు.

ఆమె పీటను ఎత్తి నిలబెట్టింది. కానీ వరండాలో దూరమవుతున్న ఆ అడుగుల చప్పుడులో ఏదో ఆమె చెవికి కుదరలేదు.

పట్టీలమ్మ చదివింది అయిదో తరగతి. ఒక ఎముకల డాక్టరు దగ్గర నేల తుడవడానికి చేరి పదకొండేళ్ళు పనిచేసింది. వాడిన పట్టీలు ఉతకడం, ఆరబెట్టడం, గట్టిగా చుట్టి పెట్టడం కూడా ఆమె పనే. చుడుతూ చుడుతూ డాక్టరు చేతుల్ని చూసేది. కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి ఎందుకు చుడతాడు, ప్రతి వరసా కింది వరసను సగం ఎందుకు కప్పుతుంది, గోళ్ళు ఎందుకు బయటికి వదులుతాడు, చివర్లో బొటనవేలి గోరు నొక్కి ఎందుకు చూస్తాడు. ఎవరూ చెప్పలేదు. నొక్కిన గోరు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పట్టీ సరైన బిగువులో ఉన్నట్టని ఆమే కనిపెట్టింది. ఒకరోజు కాంపౌండరు రాలేదు. కాలు మడతపడిన పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఆమె చుట్టేసింది. డాక్టరు వచ్చి, గోరు నొక్కి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు తడిగుడ్డ పట్టుకోబోతుంటే పట్టీ చేతిలో పెట్టాడు. ఆయనకు మాటలు తక్కువ. ఆమెకూ అదే అలవాటయింది.

డాక్టరు ముసలివాడై ఆసుపత్రి మూసేస్తూ, ఈ బడివాళ్ళకు ఆమె గురించి చెప్పాడు. పద్నాలుగేళ్ళయింది. వరండా చివర మందుల గది. ఒక బల్ల, ఒక కుండ నీళ్ళు, చిన్న ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ళ సంచులు, అలమరలో అగ్గిపెట్టెలు. డాక్టరు టేపుతో కొలిచేవాడు. ఆమె దగ్గర టేపు లేక దారంతో మొదలుపెట్టింది, తర్వాత టేపు వచ్చినా దారం వదల్లేదు. ఒక్కో బెణుక్కీ ఒక అగ్గిపెట్టె. దెబ్బ తగిలిన కాలి దారం అందులో ఉంటుంది. వాపు తగ్గేకొద్దీ వారానికో ముడి. మంచి కాలి దారంతో పోల్చి చూసి, దాన్ని పారేస్తుంది. మంచి కాలితో మనకేం పని?

ఆమె దారం తప్పు చెప్పిందని ఈ పద్నాలుగేళ్ళలో ఎవరూ అనలేదు.

మర్నాడు మూడో పిరియడ్‌లో మూతి పగిలిన పిల్లొకతి ఏడుస్తూ వచ్చింది. వెనక నలుగురు సాక్షులు, అందరూ ఒకేసారి చెబుతున్నారు.

"మాస్టారు పిల్లిని రెండు చుట్లు పరుగెత్తమన్నారు..."

"సగంలో ఆగిపోయింది..."

"ఇదేమో అమ్మో నా కాలూ అని కుంటింది, ఉత్తుత్తినే..."

"పిల్లి నీళ్ళ సీసా తీసుకుని ధనామని!"

"నువ్వెందుకు కుంటావమ్మా మధ్యలో?" అంటూ పట్టీలమ్మ పెదవి కడిగి, చల్లటి గుడ్డ అదిమింది. కుట్లు అక్కర్లేదు. పళ్ళు కదల్లేదు. దెబ్బ చిన్నదే, కానీ లెక్కకు మూడోది. పిల్లి ఈ ఏడాది ఒకసారి క్లాసులోంచి చెప్పకుండా పారిపోయింది. ఇంకోసారి పక్కపిల్ల నోటుపుస్తకం నిలువునా చింపేసింది. మూడోసారి ఇది.

సాయంత్రం పెద్దమేడం మందుల గదికే వచ్చింది. ఆవిడ గది దాటి రావడం అరుదు. "శుక్రవారం మూడున్నరకి వాళ్ళమ్మని రమ్మన్నాను. ఇక మనవల్ల కాదు పట్టీలమ్మా. పేరు తీసేస్తాం. మీ పుస్తకం కూడా పట్టుకురండి. కాలికేమీ లేదని రాశారటగా, నాటకం ఆడిందని దాన్నిబట్టి తెలుస్తుంది."

"నేను నాటకమని రాయలేదు మేడం. వాపు లేదని రాశాను."

"రెండూ ఒకటేగా."

ఆవిడ వెళ్ళాక పట్టీలమ్మ పుస్తకం తెరిచి తన వాక్యాన్ని చూసింది. అక్షరాలు బాగానే ఉన్నాయి. మూసేసింది. మళ్ళీ తెరిచింది. ఉతికి చుట్టి పెట్టిన పట్టీలను విప్పి మళ్ళీ చుట్టింది.

ఇంటి దగ్గరా అంతే. కూర పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గరికి, అక్కడి నుంచి గుమ్మం దగ్గరికి, మళ్ళీ పొయ్యి దగ్గరికి. తోటికోడలు అన్నం కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "అక్కా, ఉప్పు రెండుసార్లు వేశావా, మూడుసార్లా? పందెం ఏమన్నా కాశావా?"

"బాలేదా?"

"సముద్రం గుర్తొస్తోంది. కూర్చో ముందు. ఎవరో తరుముతున్నట్టు ఆ తిరుగుడేంటి?"

పట్టీలమ్మ కూర్చుంది. రెండు నిమిషాలకు లేచింది. చెవిలో ఆ అడుగుల చప్పుడే. ఒంటికాలి కుంటుకు ఒక తాళం ఉంటుంది. బరువు, తేలిక, బరువు, తేలిక. కళ్ళు మూసుకుని విన్నా ఏ కాలో చెప్పగలదు ఆమె. నిన్న విన్నదాంట్లో ఆ తాళం లేదు. నాటకమాడేవాళ్ళకైతే తాళం మరీ ఎక్కువుంటుంది. ఈ పిల్లది రెండూ కాదు.

గురువారం పొద్దున్న ఆమె ఆరో తరగతి ముందునుంచి వెళుతుంటే పిల్లి తలుపు బయట నిలబడి ఉంది. శిక్ష. ఎడమ కాలి మీద బరువు వేసింది. మూడు అంకెలు లెక్కపెట్టేంతలో కుడికి మార్చింది. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. లోపలినుంచి టీచరు, "ఒక్క నిమిషం నిలకడగా ఉండలేవా నువ్వు?" అని కసురుతోంది.

పట్టీలమ్మ స్తంభం పక్కన ఆగిపోయింది.

ఒక కాలు నొప్పైనవాళ్ళు కొంగలా మంచి కాలి మీదే నిలబడతారు. వందలమందిని చూసింది. ఈ పిల్లకు నిలబడ్డానికి మంచి కాలు లేదు.

ఆమె ముందుకు వెళ్ళి, వంగి, పిల్ల చెప్పుల పట్టీలు చూసింది. చీలమండ చుట్టూ వచ్చే తోలు పట్టీలవి. మూడో రంధ్రం దగ్గర తోలు నలిగి, నల్లబడి, బకిల్ గుర్తు లోతుగా పడి ఉంది. నెలల తరబడి అక్కడే పెట్టుకున్నదన్నమాట. ఇప్పుడు బకిల్ అయిదో రంధ్రంలో ఉంది. అన్నిటికంటే వదులుగా ఉండే చివరి రంధ్రం. అక్కడ తోలు ఇంకా కొత్తగా మెరుస్తోంది. ఎడమది అంతే. కుడిదీ అంతే. ఎదిగే పిల్ల కదా అనుకుందామంటే, ముందువైపు వేళ్ళకు ఇంకా చోటుంది.

రెండు దారాలూ సమానంగా ఉన్నాయి, నిజమే. రెండు వాచిన కాళ్ళను పక్కపక్కన పెట్టి ఆమె తేడా వెతికింది. మంచి కాలు అనుకున్నదాన్ని ఒక్కసారి నొక్కి కూడా చూడలేదు.

"రెండు కాళ్ళూ నొప్పే కదూ?" అంది మెల్లగా.

పిల్లి గడియారం వైపు చూసింది. "తెలీదు."

అడిగితే లాభం లేదని ఆమెకు అర్థమైంది. ఒక్క కాలు బెణకడానికి దారి తప్పిన అడుగు చాలు. రెండూ బెణకాలంటే ఎత్తు నుంచి దూకాలి. ఒకసారి కాదు, చాలాసార్లు. బళ్ళో ఎత్తు ఎక్కడుంది? మందుల గది వెనక ప్రహరీ గోడ ఒక్కటే.

మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె గది వెనక కిటికీ దగ్గర నిలబడింది. రెండు నిమిషాలు పట్టలేదు. పిల్లి వచ్చింది. నీళ్ళ గొట్టం మీద కాలు పెట్టి, పళ్ళు బిగించి, గోడ ఎక్కింది. పైన ఒక్క క్షణం కూర్చుని, అవతలికి జారిపోయింది. అవతల ఇటుక ముక్కలు దొర్లిన చప్పుడు, చిన్న మూలుగు వినబడ్డాయి.

పట్టీలమ్మ ముందు గేటు వైపు పరుగు తీసింది. ఆమె పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. గేటు తాత అన్నం డబ్బా మూత తీస్తూ నోరు తెరిచాడు.

"ఏం చెల్లెమ్మా, పెళ్ళి ముహూర్తం దాటిపోతోందా?"

"తలుపు తియ్యన్నా, నీకు పుణ్యముంటుంది!"

బడి వెనక సందు, దాని తర్వాత ఎడమవైపు ఇంకో సందు. పిల్లి గోడలు పట్టుకుంటూ, ఆగుతూ, మళ్ళీ పరుగెడుతూ పోతోంది. రెండో సందు మలుపులో ఆగిపోయింది. ఇంట్లోకి వెళ్ళలేదు. ఎవర్నీ పిలవలేదు. మలుపు దగ్గర గోడకు ఆనుకుని తల మాత్రం బయటపెట్టి, మూడో ఇంటి తలుపు వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది. లోపల కుట్టుమిషను చప్పుడు. పిల్ల భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. వెనక్కి తిరిగింది.

ఎదురుగా ఆయాసపడుతూ పట్టీలమ్మ.

ఆమె గోడకు చేయి ఆనించి నిలబడింది.

"తాళం లేదు," అంది పిల్లి.

"ఏ తాళం?"

"తలుపుకి."

పట్టీలమ్మ అక్కడే ఒక అరుగు మీద కూలబడి, పక్కన చోటు చూపించింది. పిల్లి కూర్చోలేదు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ముక్కలుముక్కలుగా చెప్పింది. కొన్నాళ్ళ కిందట ఒకరోజు బడినుంచి వెళ్ళేసరికి తలుపుకు తాళం ఉంది. అమ్మ ఊరెళ్ళిందని, రేపు వచ్చేస్తుందని పక్కింటి పిన్ని చెప్పింది. రేపు రాలేదు. ఎల్లుండీ అదే మాట. మూడోరోజు ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నది, అమ్మ కళ్ళు తిరిగి మిషను మీద పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారని. అమ్మ తిరిగొచ్చింది. బాగానే ఉంది. కానీ అప్పట్నుంచి గంట పన్నెండు కొట్టేసరికి తలుపుకు తాళం పడిందేమో చూడాలనిపిస్తుంది, గోడ దూకి వచ్చి చూసి వెళుతుంది.

"ఎవరికన్నా చెప్పలేకపోయావా తల్లీ?"

"చెబితే ఏం లేదులే, బాగానే ఉంటుందిలే అంటారు. పిన్ని కూడా అలాగే అంది." కాస్త ఆగి, చూపు పక్కకు తిప్పుకుని, "నువ్వు కూడా ఏమీ లేదనే రాశావుగా," అంది.

పట్టీలమ్మ తల ఊపింది. "అవును. తప్పు రాశాను. పద, చెరిపేద్దాం."

గేటులోంచే లోపలికి తీసుకొచ్చింది. గేటు తాత ఇద్దర్నీ చూసి, పిల్ల ఎప్పుడు బయటికెళ్ళిందా అని వేళ్ళు మడిచి లెక్కవేసుకుంటూ ఉండిపోయాడు.

బల్ల మీద పడుకోబెట్టి, రెండు కాళ్ళ కిందా దిండు పెట్టి, గుడ్డలో చుట్టిన చల్లటి సంచులు కాసేపు ఆనించింది. ఈసారి రెండు కాళ్ళూ నొక్కి చూసింది. ఎముక వెనక అంచు దగ్గర నొప్పి లేదు. ముందువైపు, ఎముక కింద గుంట ఉండాల్సిన చోట, రెండు వైపులా మెత్తగా ఉబ్బి ఉంది. పట్టుకోగానే పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. "ఎడమది ముందు మడతపడింది. ఆ తర్వాత కుడికాలి మీద దూకాను," అంది పిల్ల తనంతట తనే. "రెండూ అంటే గోడ సంగతి తెలిసిపోతుందని ఒక్కటే చెప్పా."

"తెలివైనదానివే. నన్నే బోల్తా కొట్టించావు."

మొదటిసారి పిల్ల పెదవి కొస కదిలింది. పట్టీలమ్మ రెండు కాళ్ళకూ దారం చుట్టి కొలిచి, ఒక్కో దారాన్ని ఒక్కో అగ్గిపెట్టెలో పెట్టి, పట్టీ అందుకుంది. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి, సగం సగం కప్పుతూ, చీలమండ దగ్గర ఎనిమిది అంకె వేస్తూ, పిక్క సగం దాకా. గోరు నొక్కింది. తెల్లబడింది, ఎర్రబడింది. రెండో కాలు. మళ్ళీ గోరు. "రుద్దకు. నూనె రాయకు. వేడినీళ్ళు పొయ్యకు. ఎవరు చెప్పినా వినకు, పక్కింటి పిన్ని చెప్పినా సరే."

శుక్రవారం మూడున్నరకు పెద్దమేడం గదిలో నాలుగు కుర్చీలు వేశారు. పిల్లి తల్లి ఒక కుర్చీ అంచున కూర్చుంది. కాజాలు కుట్టే పనిలోంచి అలాగే లేచి వచ్చినట్టుంది, భుజం మీద తెల్లదారం పోగులు అంటుకుని ఉన్నాయి. పిల్లి గోడ పక్కన స్టూలు మీద. డ్రిల్లు మాస్టారు నిలబడే ఉన్నాడు.

పెద్దమేడం మూడు ఫిర్యాదులూ చదివింది. "ఏమ్మా, ఏమంటారు?" అంది తల్లిని.

"ఏమంటానండీ. ఇంట్లో అల్లరే చెయ్యదు. నా వెనకాలే తిరుగుతుంటుంది."

"పట్టీలమ్మా, మీ పుస్తకం."

పట్టీలమ్మ పుస్తకం బల్ల మీద పెట్టింది. దాని పక్కన పిల్లి చెప్పులు కూడా పెట్టింది. పెద్దమేడం కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"ఇదేంటి, బల్ల మీద చెప్పులా?"

"చూడండి మేడం. మూడో రంధ్రం ఎంత నలిగిందో. ఇప్పుడు బకిల్ ఎక్కడుందో. రెండింటికీ." ఆమె ఎర్రసిరా పెన్ను తీసి, మంగళవారం రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద రాసింది: రెండు చీలమండలూ బెణికాయి. నేను ఒకదానితో ఒకటి పోల్చి తప్పు రాశాను. సంతకం చేసి పుస్తకాన్ని పెద్దమేడం వైపు తిప్పింది.

డ్రిల్లు మాస్టారు ముఖం ఎర్రబడింది. "అదేంటండీ! మీరు పరుగెత్తవచ్చని రాస్తేనే కదా నేను..."

"అందుకే కొట్టేశాను మాస్టారూ. తప్పు నాది. మీరు నా మాట నమ్మారు."

"అయినా సీసాతో కొట్టడం..."

"అది తప్పే. కొట్టింది. ఆ పిల్లకి క్షమాపణ చెప్పాలి. కానీ రెండు వాచిన కాళ్ళతో పరుగెత్తించి, కుంటితే నవ్వితే, మీరైనా నేనైనా చేతిలో ఏదుంటే అది విసురుతాం. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఇదే."

మాస్టారు మళ్ళీ ఏదో అనబోయాడు. పట్టీలమ్మ చిన్నగా, "మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారా? లెక్కపెట్టండి, రెండు బెణికాయి, మిగిలింది ఒకటే," అంది. పెద్దమేడం నవ్వు ఆపుకోవడానికి దగ్గింది.

గోడ సంగతి, తాళం సంగతి పట్టీలమ్మ నాలుగు వాక్యాల్లో చెప్పింది. తల్లి చేయి నోటికి వెళ్ళింది. "కంగారు పడుతుందని చెప్పొద్దన్నానండీ. నేనే చెప్పొద్దన్నాను," అని పిల్ల వైపు తిరిగింది. పిల్ల తల్లి భుజం మీది దారం పోగు చూస్తోంది.

పెద్దమేడం ఫిర్యాదుల కాగితం మడిచింది. విప్పింది. "మధ్యాహ్నం గేటు తెరవను. ఒక్కరికి తెరిస్తే మూడొందలమంది నిలబడతారు. నెలకోసారి పిల్లల మనసు డాక్టరు వస్తారు, ఆయనకి చూపిస్తాను. కానీ ఈలోపు రోజూ పన్నెండింటికి ఏం చేస్తుందిది? మళ్ళీ గోడెక్కితే నేను మళ్ళీ ఆపలేను, ముందే చెబుతున్నా. ఆరు వారాలు చూస్తాను."

"మా గదిలో కూర్చుంటుంది. కాళ్ళకి ఎలాగూ పనుంది," అంది పట్టీలమ్మ. తర్వాత తల్లితో, "అమ్మా, మీ ఫోన్‌లోంచి పన్నెండుంబావుకి నా ఫోన్‌కి రెండు రింగులు ఇచ్చి కట్ చెయ్యగలరా? మాట్లాడక్కర్లేదు. మీరే చెయ్యాలి, ఇంకెవరూ చెయ్యకూడదు."

తల్లి తల ఊపింది. పిల్లి మొదటిసారి స్టూలు మీద కదలకుండా కూర్చుంది.

మొదటి వారం పన్నెండు గంటలకే వచ్చి కూర్చునేది. పట్టీలమ్మ ఫోన్ బల్ల మీద పెట్టి, "ఊరికే కూర్చోకు, కాలితో గాల్లో అ దిద్దు," అనేది. పిల్ల బొటనవేలితో అ దిద్దేది, ఆ దిద్దేది. ఋ దగ్గరికి వచ్చేసరికి కాలు గిరికీలు కొట్టి ఇద్దరికీ నవ్వొచ్చేది. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయేది. అప్పుడే పిల్ల అన్నం డబ్బా మూత తీసేది. రెండో వారం రెండు కాళ్ళతోనూ గుణింతాలు. క్షమాపణ కూడా ఆ వారమే అయింది. మూతి పగిలిన పిల్లే వచ్చి, "నేనూ కుంటి చూపించానులే, సారీ," అంటే, పిల్లి నేల చూసి, "ఊఁ," అంది. అంతే. దాన్నే ఇద్దరూ క్షమాపణ కింద జమ చేసుకున్నారు.

మూడో వారం ఒకరోజు ఫోన్ మోగలేదు.

పన్నెండుంబావు దాటింది. ఇరవై అయింది. పిల్ల కాలు క దగ్గర ఆగిపోయింది. లేచి నిలబడింది. ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు. చూపు వెనక కిటికీ వైపు, గోడ వైపు. పట్టీలమ్మ నోటి దాకా వచ్చింది, ఏం కాదులే అని. మింగేసింది. ఏం కాదని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

"రాలేదు," అంది. "నాకూ తెలీదు ఎందుకో. వెళ్ళి చూద్దాం. గోడ కాదు, గేటు."

తిరిగి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. పెద్దమేడం గది ముందు నిలబడి, "వెళ్ళొస్తాం మేడం," అని మాత్రం చెప్పింది. ఆవిడ ఇద్దరి ముఖాలూ చూసి, "త్వరగా రండి," అంది. సందులో పిల్ల చేయి ఆమె చేతిలో చెమటతో జారిపోతోంది. ఇద్దరూ ఒకే వేగంతో నడిచారు, పరుగు కాని పరుగు. మలుపు. మూడో ఇల్లు. తలుపు తెరిచి ఉంది. మిషను చప్పుడు లేదు. పిల్ల ఆగిపోయింది. పట్టీలమ్మ గుమ్మంలోకి తొంగిచూసింది.

తల్లి పక్కింటి గుమ్మంలోంచి చేతిలో ఫోనుతో పరుగెత్తుకొచ్చింది. "కరెంటు పోయిందే! ఛార్జింగ్ లేదు, మిషనూ ఆగిపోయింది, పిన్ని ఫోన్ అడుగుదామంటే నంబరు నాకు నోటికి రాదు..." అంటూ ఆ ముగ్గురిలో ముందు ఏడ్చింది ఆవిడే.

వెనక్కి వచ్చేటప్పుడు పిల్ల గేటు దగ్గర, "నంబరు గోడమీద రాసుకోమని చెప్పాల్సింది," అంది, పెద్దదానిలా. సాయంత్రం ఇంటికెళ్ళి తనే బొగ్గుతో రాసింది.

నాలుగో వారం పన్నెండుంబావుకే వచ్చింది, ముందుగా కాదు. అయిదో వారం రెండుసార్లు రింగు అయ్యాక వచ్చి, "వచ్చిందా?" అని అడిగింది. మనసు డాక్టరు ఒకసారి చూశాడు, మళ్ళీ రమ్మన్నాడు. క్లాసులోంచి పారిపోవడం లేదు. ఒకసారి పెన్సిల్ విరిచి విసిరింది, కిటికీలోంచి, ఎవరి మీదా కాదు.

ఆరో వారం చివరి రోజు పట్టీలమ్మ రెండు అగ్గిపెట్టెలు తీసింది. గురువారం నాటి దారాలు రెండూ వాటిలో ఉన్నాయి. ఈసారి ఏదీ పారేయలేదు. మళ్ళీ అదే తోవలో చుట్టి, ముడి వేసి, కొత్త దారాన్ని పాతదాని పక్కన పట్టుకుంది. ఎడమది చిటికెన గోరంత తగ్గింది. కుడిది ఇంకొంచెం ఎక్కువ. చెప్పు బకిల్ మూడో రంధ్రంలోకి బిగుతు లేకుండా వచ్చింది. ఒంటికాలి మీద నిలబడమని, ముప్పై లెక్కపెట్టింది. ఇంకో కాలు, ముప్పై. మెట్టు అంచున ముని వేళ్ళ మీద లేచి దిగమంది, పదిసార్లు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద. పదకొండు దగ్గర తూలింది.

"చాలు. నాకు ఆరు దగ్గరే తూలుతుంది," అంది పట్టీలమ్మ.

ఆటల పోటీలు దగ్గరపడ్డాయని మధ్యాహ్నం విరామంలోనే మైదానంలో డ్రిల్లు మాస్టారు ఆరో తరగతిని వరసలో నిలబెడుతున్నాడు. వెనక గోడ అవతల, పిల్ల దూకే చోట ఉండే ఇటుక ముక్కల కుప్ప ఇప్పుడు లేదు. ఎవరు తీయించారో ఆయన ఎవరికీ చెప్పలేదు, ఆమె అడగలేదు.

పట్టీలమ్మ పుస్తకం చాచింది. ఆయన చదివాడు. రెండు చీలమండలూ చూశాను. నొప్పి లేదు. పరుగెత్తవచ్చు. మొదటి వారం ఒక్క చుట్టే.

"రెండు కాళ్ళూ చూశారా?"

"రెండూ నొక్కి చూశాను."

"అయితే నా కుందేటికి నాలుగు కాళ్ళని ఒప్పుకుంటున్నా." ఆయన తన పెన్నుతో కింద సంతకం పెట్టాడు. "పద పిల్లా, వరసలోకి."

ఈల మోగింది. అందరితోపాటు పిల్లి కదిలింది. మొదటి పది అడుగులు జాగ్రత్తగా, తర్వాత మామూలుగా. పట్టీలమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ముప్పైమంది కాళ్ళ చప్పుడులో ఏవి ఆ పిల్లవో ఆమెకు తెలియలేదు.

నడుము దగ్గర సంచిలో ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. పిల్ల మలుపు తిరుగుతూ ఒక్కసారి ఇటు చూసింది. పట్టీలమ్మ చేయెత్తింది. పిల్ల పరుగు ఆపలేదు.

పుస్తకం మాస్టారు చేతిలోనే ఉంది. దాన్ని తీసుకుని, చంకలో పెట్టుకుని, ఆమె తన గదికి తిరిగి వెళ్ళింది.